గుర్తులేని నలభై ఐదు మీటర్లు

హైమా దాటినంక ఇరవై రెండో కిలోమీటరు కాడ
కర్ర నిటారుగ పట్టుకొని నిలబడ్డ.
కర్ర నెత్తి మీద అద్దం.
అటు మూడుకాళ్ల మిషను నుంచి కనబడని కిరణమొకటి వచ్చి
దాన్ని ముట్టి పోతది. అంతే నా పని.
ఒకప్పుడు వరద కాలువ సర్వేల గొలుసు పట్టినోణ్ని,
ఇప్పుడు సచ్చిపోయినోళ్ల తొవ్వ కొలుస్తున్న.

"కదలకు" అంటది ఇంజనీర్ షమ్సా.
నల్ల అబాయా కింద ఇనుప ముక్కు బూట్లు.
తారు మీద మోకాళ్లూని
టైరు గీతను ఆమె చూసే తీరు
నాడి పట్టిన హకీము తీరు.

పోలీసు కాగితంల ఒక్కటే మాట:
డ్రైవరు నిద్రపోయిండు.
పేరు లింబాద్రి. మాకు పక్క మండలమే,
నేనెన్నడు చూడలే.
పికప్పు నిండ గడ్డి మోపులు.
ఆగి ఉన్న నీళ్ల ట్యాంకరు ఎనుక,
తెల్లారగట్ల నాలుగుంబావుకు.
లైట్లు ఏసే ఉంచిన, అని
ట్యాంకరాయన నెత్తి మీద చెయ్యి పెట్టుకొని చెప్పిండు.

నిద్రపోయినోడు బ్రేకు తొక్కడు, అంటది ఆమె,
టేపు చుట్టుకుంట.
నలభై ఒక్క మీటర్ల నలుపు.
మొదట్ల పెన్సిలు గీసినంత సన్నం, తర్వాత ముదిరి,
చివరికి ఎడమకు జర ఒరిగి.
ఎగిరొచ్చి పడ్డ ఇసుకకు కూడ ఒక అంకె పెట్టాలె,
ఉత్త తారు పట్టు వేరు, ఇసుక కప్పిన తారు పట్టు వేరు.
అందుకే అదే జాగల, అదే యాళ్లకు,
అసొంటి బండే తెచ్చి తొక్కి చూసినం, మూడు మాట్ల.
మూడో మాటుకు నాకు కడుపుల తిప్పింది.

నూట ఎనిమిది, అన్నది.
తొమ్మిది అటు, తొమ్మిది ఇటు.
బోర్డు మీద వంద.
తొంభై తొమ్మిదికీ వందకూ నడుమ
ఆ ఒక్క కిలోమీటరు సందుల
లింబాద్రి తప్పు లేనోడు.
మిగిలిన జాగ సంగతి ఆమె చెప్పలే, నేనడగలే.

పొద్దుగూకినంక ఠాణా యార్డుల
రెండు బండ్ల ఎనుక దీపాలు విప్పి
భూతద్దం కింద పెట్టింది. "చూడు."
తీగె ఎలుగుతున్నప్పుడు దెబ్బ తగిలితే
మెత్తగుంటది కాబట్టి సాగుతదట, పాకం బెల్లం లెక్క.
ఆరి ఉన్నప్పుడు తగిలితే
ఎండు పుల్ల లెక్క పుటుక్కుమంటది.
లింబాద్రి బ్రేకు దీపంల తీగె
సాగి, వంకరపోయి, మెలిపడి ఉంది.
ట్యాంకరుది ఇరిగిన సూది.

నాకు ట్యాంకరాయన చెయ్యి యాదికొచ్చింది.
బ్యాటరీ నెల కిందటనే సచ్చిందని
కంపెనీకి రెండుసార్లు చెప్పుకున్నడట.
అది తర్వాత తెలిసింది.

నలుపు మొదలయ్యేటందుకు ముందు
నలభై ఐదు మీటర్లు ఏమీ లేదు.
కండ్లు చూసి, కాలుకు కబురు పోయేదాక
సెకనున్నర పడుతదని లెక్క.
పహిల్వానుకైనా అంతే పెడతరు, నాకైనా అంతే.
అంతసేపు బండి ఒక్క గీత గీయకుంట పోతది.
మ్యాపుల ఆమె దాన్ని చుక్కలు పెట్టి కలిపింది.

కర్ర భుజానేసుకొని ఆ చుక్కల మీద నడిచిన.
అరవై ఒక్క అడుగు.
పగిలిన టైరు తోలు, నలిగిన డబ్బా, ఒంటె పెంటికలు.
ఈడ ఆయన మేల్కొనే ఉన్నడు.
నడుము నొప్పో, తీరని బాకో, సగం యాదికొచ్చిన పాటో,
ఏం నడుస్తుండెనో మనసుల,
దానికి గడి లేదు ఆమె పట్టికల.

రిపోర్టు అరబ్బీల పద్దెనిమిది పేజీలు.
లింబాద్రి తమ్ముడు ఫోను చేసి ఒక్కటే అడిగిండు:
"నిద్రపోయిండా?"
లేదు, బ్రేకు తొక్కిండు, అని చెప్పిన.
జరసేపు ఏమనలే.
"గట్టిగనే తొక్కిండా?"
నలభై ఒక్క మీటర్లు, అన్న.
అవతల వాకిట్ల నుంచి రోడ్డు దాక
ఎవరో నడుస్తున్న చప్పుడు.